తక్కువ మెయింటెనెన్స్ ఎవరి ఖాతాలో?

హైదరాబాద్‌లోనైనా, విజయవాడలోనైనా ఫ్లాట్ల ప్రకటనల్లో తరచూ కనిపించే మాట ఒకటుంది: మెయింటెనెన్స్ చాలా తక్కువ. తూర్పు ముఖం, కార్ పార్కింగ్, ఇరవైనాలుగు గంటల నీళ్లు అనే సుగుణాల వరసలో అదీ చేరిపోయింది. కొనేవాళ్లు సంతోషిస్తారు, అద్దెకు దిగేవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఆ తక్కువ ఎలా సాధ్యమైందని మాత్రం ఎవరూ అడగరు. ఇరవై ఫ్లాట్ల ఐదంతస్తుల భవనానికి లిఫ్టు, మోటార్లు, సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు, మెట్ల లైట్లు, డ్రైనేజీ, వాచ్‌మన్ అన్నీ ఉంటాయి. ఓనర్లు పొదుపరులైనంత మాత్రాన వీటి ఖర్చు తగ్గదు. వాళ్లు పెట్టని డబ్బు ఇంకెవరో పెడుతుంటారు. సెల్లారు గదిలో కాపురముండే వాచ్‌మన్ కుటుంబం కొంత, జీతం లేకుండా లెక్కలు రాసే సెక్రటరీ కొంత, అన్నిటికంటే ఎక్కువగా పదేళ్ల తర్వాత అదే ఫ్లాటు కొనబోయే మనిషి.

ఫ్లాటు బేరమాడేటప్పుడు అందరూ గట్టిగా అడిగే ప్రశ్న యూడీఎస్ ఎన్ని గజాలన్నది. భవనం నిలిచిన నేలలో ఆ ఫ్లాటుకు దక్కే అవిభాజ్య వాటా అది. ఏనాటికైనా కూల్చి కట్టే రోజు వస్తే దాని విలువేమిటో తెలుసు కనుక గజం కూడా వదులుకోరు. ఆ వాటా వెంట బాధ్యత కూడా వస్తుందన్న సంగతి రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లు దిగేసరికి మరుపున పడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1987లో వచ్చిన అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం ఉమ్మడి స్థలాల్లో, సౌకర్యాల్లో ప్రతి ఓనరుకూ వాటా ఉంటుంది. 2016 నాటి రెరా చట్టం ఆ జాబితాను ఇంకా విప్పి చెప్పింది: నేల, మెట్లు, లిఫ్టులు, లాబీలు, బేస్‌మెంట్లు, టెర్రస్‌లు, ఓపెన్ పార్కింగు, సంపులు, మోటార్లు. కాపలా సిబ్బంది ఉండే గది కూడా ఆ జాబితాలో ఉంది. వాచ్‌మన్‌కు గది ఇచ్చి ఉపకారం చేస్తున్నామనుకునే అసోసియేషన్లు ఈ చివరి అంశాన్ని ఒకసారి చదువుకోవాలి.

రెరా అసలు బలం బిల్డరు మీద. సగానికి మించి ఫ్లాట్లు బుక్కయిన మూడు నెలల్లో అసోసియేషన్ ఏర్పడేలా చూడాలని, అసోసియేషన్ చేతికి వచ్చేదాకా అత్యవసర సేవలు బిల్డరే న్యాయమైన చార్జీలకు నడపాలని అది చెబుతుంది. ఫ్లాటు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి, ఆ సంగతి తెలియజేస్తే ముప్పై రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేసి ఇవ్వాలి. ఇంత మంచి నిబంధన చాలాచోట్ల వృథా పోయేది అసోసియేషన్ సోమరితనం వల్లే. మూడో ఏట గోడకు చెమ్మ వస్తే వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడతారు, నలుగురు బాధపడతారు. బిల్డరుకు ఉత్తరం మాత్రం వెళ్లదు. ఆరో ఏట వెళుతుంది.

పైగా రెరా అందరినీ కాయదు. 500 చదరపు మీటర్లకు మించని స్థలంలో, లేదా ఎనిమిది ఫ్లాట్లకు మించకుండా కట్టేవాటికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 500 చదరపు మీటర్లంటే మన లెక్కలో దాదాపు 598 గజాలు. కాలనీల్లో పాత ఇళ్లు పడగొట్టి నాలుగైదు వందల గజాల్లో లేపే భవనాలన్నీ దాదాపు ఈ గీత కిందే ఉండిపోతాయి. చట్టం రాకముందే పూర్తయి సర్టిఫికెట్ అందుకున్నవాటి సంగతీ అంతే. గేటెడ్ కమ్యూనిటీలకు ఫెసిలిటీ మేనేజర్లుంటారు, ఆడిటర్లుంటారు. నెలకు సభ్యుడి చందా 7,500 రూపాయలు, సంఘం ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ కట్టాల్సినంత పెద్ద వ్యవహారం అక్కడ నడుస్తుంది. ఇబ్బందల్లా పది నుంచి ముప్పై ఫ్లాట్ల మధ్య భవనాలది. ఖర్చులన్నీ అపార్ట్‌మెంటువి, నడిపే తీరు మాత్రం వినాయక చవితి చందాది.

ఆ తీరు మొత్తం ఆనుకుని ఉన్నది వాచ్‌మన్ మీద. తెల్లవారుజామున మోటారు వేయడం, పాల ప్యాకెట్లు, పేపర్లు, చెత్త బండి, కార్లు కడగడం, మెట్లు ఊడ్చి తడిబట్ట పెట్టడం, కొరియర్లు అందుకోవడం, కరెంటు పోతే జనరేటరు, ఎండాకాలంలో అర్ధరాత్రి ట్యాంకరు వస్తే పైపు పట్టుకుని నిలబడటం, ఒంటిగంటకు ఆఫీసు నుంచి వచ్చినవాళ్లకు గేటు తీయడం. ఇది ఎనిమిది గంటల డ్యూటీ కాదు. నిజానికి ఒక మనిషి ఉద్యోగమూ కాదు. భార్యాభర్తలుంటేనే రమ్మని ముందే చెబుతారు. జీతం మాట్లాడేది ఒకరికి. ఆవిడ ఫ్లాట్లలో అంట్లు తోముకుని సంపాదించుకోవచ్చుననేది అదనపు ఆకర్షణగా చూపిస్తారు. జీతం అంత తక్కువేమిటని ఎవరైనా అంటే గది ఉచితం కదా అన్న జవాబు సిద్ధం. మీటరు బోర్డుల పక్కన, మెట్ల కింద, కిటికీ లేని ఆ గదికి అద్దె కట్టి జీతంలో మినహాయించుకునే ఈ లెక్కను మరే ఉద్యోగంలోనైనా ఒప్పుకుంటారా అన్నది పైఅంతస్తుల వాళ్లకు తట్టదు. వాచ్‌మన్ సంక్రాంతికి ఊరెళ్లిన వారం రోజుల్లో భవనం పరిస్థితి చూస్తే ఆ జీతానికి ఎంత పని జరుగుతోందో తెలుస్తుంది.

ఉమ్మడి స్థలాన్ని ఇరుగుపొరుగులే వంతులవారీగా శుభ్రం చేసుకునే చోట్లూ ఉన్నాయి. జర్మనీలో స్టుట్‌గార్ట్ నగరం, దాని చుట్టుపట్ల ష్వాబియా ప్రాంతం ఇందుకు పేరుపడ్డాయి. ఈ వారం వంతు ఎవరిదో వాళ్ల తలుపుకు చిన్న పలక వేలాడుతుంది. డాక్టరైనా, డ్రైవరైనా ఆ వారం మెట్లు ఊడవాలి. దాని మూలాలు 15వ శతాబ్దపు నగర శాసనాల్లో ఉన్నాయంటారు. 1988లో నగరం ఈ తప్పనిసరి నిబంధనను తీసేసినా అద్దె ఒప్పందాల్లో ఆచారం మిగిలింది. తెలుగు నగరాల్లో ఇలాంటిది సాధ్యమేనా అని ఆలోచిస్తే చీపురు కొరత అడ్డు రాదు. మెట్లు ఊడవడం ఎవరి పని అన్న ప్రశ్నకు మన దగ్గర కులం ఎప్పుడో జవాబు చెప్పి కూర్చుంది. పొద్దున్నే గుమ్మం ముందు తుడిచి ముగ్గేసే ఇల్లే, ఆ ముగ్గుకు మూరెడు అవతల పడిన చిప్స్ కవరు తనది కాదనుకుంటుంది.

ఇదే ధోరణి ప్రాణాల మీదికి తెచ్చేది సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడు. డ్రైనేజీ పొంగిందని సెక్రటరీకి ఫోన్లు మొదలవగానే వాచ్‌మన్ ఎవరినో ఇద్దరిని పిలుచుకొస్తాడు, రెండు మూడు వేలకు బేరం కుదురుతుంది. రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనుషుల్ని సెప్టిక్ ట్యాంకుల్లోకి, మురుగు గుంతల్లోకి దించడం 2013 నాటి చట్టం కింద నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ నిషేధం మునిసిపాలిటీలకే పరిమితం కాదు, పనికి పెట్టిన ఎవరికైనా వర్తిస్తుంది. మురుగు పనిలో మరణిస్తే ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో పది లక్షలుగా చెప్పి, 2023 అక్టోబరులో ముప్పై లక్షలకు పెంచింది. యంత్రంతో లాగే బండికి డబ్బులెక్కువని వెనకాడే అసోసియేషన్ తాను ఆదా చేస్తున్నది ఎంతో, అందుకు ఎవరిని పణంగా పెడుతోందో తెలుసుకోవాలి.

ఇక వాటాల గొడవ. ఏ భవనంలోనైనా మొదటి సమావేశంలోనే గ్రౌండ్ ఫ్లోర్, ఫస్ట్ ఫ్లోర్ వాళ్లు ఒక అభ్యంతరం లేవదీస్తారు: లిఫ్టు ఎక్కనివాళ్లం డబ్బులెందుకు కట్టాలి? వినడానికి న్యాయంగానే ఉంటుంది. మహారాష్ట్ర హౌసింగ్ సొసైటీల నమూనా బైలాలు దీనికి సూటిగా సమాధానం చెప్పాయి. ఆ భవనంలోని సభ్యులంతా వాడినా వాడకపోయినా లిఫ్టు ఖర్చు సమానంగా భరించాలి. వాడకాన్ని బట్టే కట్టాలనుకుంటే, వర్షం ఐదో అంతస్తు నెత్తినే పడుతుంది గనక టెర్రస్ రిపేరు ఐదో అంతస్తు వాళ్లదే, వరద నీళ్లు సెల్లారులోకే వస్తాయి గనక పంపు పెట్టి తోడటం కింది వాళ్లదే అనుకోవాలి. అలా విడదీసుకుంటూ పోతే చివరికి మిగిలేది ఒకే నేల మీద ఒకదానిపై ఒకటి పేర్చిన ఇరవై వేర్వేరు ఇళ్లు. పై ఇల్లు నిలబడటానికి కింది గోడలు కావాలి, కింది ఇల్లు తడవకుండా ఉండటానికి పై కప్పు కావాలి.

లిఫ్టు విషయంలో వాదన డబ్బు దగ్గరే ఆగిపోవడం మరీ ప్రమాదం. 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ శాంతినగర్‌లోని ఒక అపార్ట్‌మెంటులో ఆరేళ్ల బాలుడు లిఫ్టుకూ గోడకూ మధ్య ఇరుక్కుపోయి, మర్నాడు ఆస్పత్రిలో చనిపోయాడు. తర్వాతి నెలలోనే మెహదీపట్నం ప్రాంతంలో ఒక సెక్యూరిటీ గార్డు కొడుకు, ఐదేళ్లు కూడా నిండనివాడు, లిఫ్టులో ఇరుక్కునే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఏ ప్రమాదానికి ఏది కారణమన్నది విచారణల పని. ఏఎంసీ, అంటే ఏడాది నిర్వహణ ఒప్పందం ఉందా, మెకానిక్ ఆఖరిసారి ఎప్పుడు వచ్చాడు, తలుపు పూర్తిగా మూయకుండా లిఫ్టు కదులుతోందా అన్నవి మాత్రం ప్రతి భవనంలో ఎవరో ఒకరు అడగాల్సిన ప్రశ్నలు. పాత గ్రిల్ తలుపుల లిఫ్టులున్న భవనాల్లో ఏటేటా వాయిదా పడే తలుపుల మార్పిడిని 'తక్కువ మెయింటెనెన్స్' అనే మాటే కప్పేస్తుంది. ఆ లిఫ్టు పక్కనే రోజంతా ఆడుకునేవాళ్లు కాపలా గదుల్లోని పిల్లలు.

ఫ్లాటుకు ఇంత అని కట్టాలా, చదరపు అడుగుకు ఇంత అని కట్టాలా అన్న తగవుకు ఒకే జవాబు లేదు. స్కాట్లాండ్ చట్టం మాత్రం ఒక తెలివైన మార్గం వేసింది. అక్కడ రాతి భవనాల్లో నాలుగైదు అంతస్తుల్లో ఇరుగుపొరుగుగా బతకడం శతాబ్దాల అలవాటు. ఆ అనుభవంలోంచి వచ్చిన 2004 నాటి చట్టం ప్రకారం దస్తావేజుల్లో వేరే మాట లేకపోతే ఉమ్మడి రిపేర్ల ఖర్చు అందరికీ సమానం. భవనంలో అతి పెద్ద ఫ్లాటు అతి చిన్న ఫ్లాటుకు ఒకటిన్నర రెట్లు మించితే మాత్రం వైశాల్యాన్ని బట్టి. మన భవనాలకు ఇది చక్కగా సరిపోతుంది. 1,100, 1,500 చదరపు అడుగుల ఫ్లాట్లున్నచోట తేడా ఒకటిన్నర రెట్ల లోపే, సమానంగా కట్టుకోవచ్చు. 900 అడుగుల డబుల్ బెడ్‌రూమ్ పక్కన 1,800 అడుగుల ఫ్లాటు ఉన్నచోట సమానమంటే చిన్నవాడి మీద భారం వేయడమే.

నీళ్లను ఈ లెక్కలో కలపకూడదు. అవి గోడల వైశాల్యాన్ని బట్టి ఖర్చవవు, మనుషులను బట్టి ఖర్చవుతాయి. ఇద్దరు వృద్ధులున్న పెద్ద ఫ్లాటు కంటే ఆరుగురు బ్యాచిలర్లు దిగిన చిన్న ఫ్లాటు ఎక్కువ వాడుతుంది. ట్యాంకర్ల నెలల్లో గ్రూపులో రగిలే కోపానికి మూలం ఇదే. హైదరాబాద్‌లో నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం 2021 ఆరంభంలో మొదలైనప్పుడు ఇరుగుపొరుగు బంధం ఇంకో రూపంలో బయటపడింది. భవనం మొత్తానికీ ఒకటే నల్లా కనెక్షను, ఒకటే మీటరు. లబ్ధి మాత్రం ఫ్లాటుకింత అని. మీటరు పనిచేయాలి, ఒక్కో ఫ్లాటు ఆధార్ అనుసంధానం కావాలి. అమెరికాలో ఉన్న ఓనరు పట్టించుకోకపోతే ఆ ఫ్లాటు వాటా ఉచితం పోతుంది, ఆ భారం అందరి బిల్లులో పడుతుంది. డల్లాస్‌లో తెల్లారే వేళకు ఇక్కడినుంచి ఫోన్లు చేస్తూ తిరిగిన సెక్రటరీల కష్టం ఏ మినిట్స్ బుక్కులోనూ ఎక్కలేదు.

ఆ సెక్రటరీలు ఎవరో కూడా చూడాలి. చాలాచోట్ల రిటైరైన బ్యాంకు ఉద్యోగో, టీచరో, ఇంటి దగ్గరుంటున్న గృహిణో. మొదటి ఏడాది ఉత్సాహంగా చేస్తారు. రెండో ఏడాది, మోటారు వైండింగుకు ఎనిమిది వేలయిందంటే బిల్లు చూపించమన్న తొలి మెసేజ్ వస్తుంది. అడిగేవాళ్ల తప్పేమీ లేదు, బిల్లు చూపించాల్సిందే. అడిగేది పన్నెండు నెలలూ ఒక్క సమావేశానికి రాని మనిషి కావడంతో వస్తుంది చిక్కు. ఆ పదవి మూడో ఏట ఎవరికీ అక్కర్లేకుండా పోతుంది, రిజిస్టర్లు అటకెక్కుతాయి, వాటితో పాటే వాటర్‌ప్రూఫింగ్ ఎప్పుడు చేశారు, గ్యారంటీ ఎన్నేళ్లు, డ్రైనేజీ పైపు ఏ మూల నుంచి పోతుందన్న సమాచారమంతా. కొత్త కమిటీ ప్రతిసారీ భవనాన్ని మొదటినుంచి చదువుకుంటుంది. సెక్రటరీకి చిన్న గౌరవ వేతనం ఇవ్వడానికి ముఖం చాటేసే భవనాలు, ఈ మరుపుకు అంతకు ఎన్నో రెట్లు చెల్లిస్తున్నాయి.

అసలు పెద్ద మొత్తం దాక్కున్నది భవిష్యత్తులో. పైన చెప్పిన ఇరవై ఫ్లాట్ల భవనానికి ఇరవై ఏళ్లలో లిఫ్టు మార్పిడి, రెండుసార్లు బయటి పెయింటింగు, టెర్రస్ వాటర్‌ప్రూఫింగు, మోటార్లు, పైపులు కలిపి ముప్పై లక్షలవుతాయనుకుందాం. ఫ్లాటుకు లక్షన్నర. 240 నెలలకు పంచితే నెలకు 625 రూపాయలు. మొదటి నెల నుంచీ ఆ 625 పక్కన పెడితే ఎవరికీ బరువనిపించదు. పెట్టకపోతే పద్దెనిమిదో ఏట ఒక శుక్రవారం సాయంత్రం గ్రూపులో ఒక్కో ఫ్లాటు డెబ్బై వేలు కట్టాలన్న మెసేజ్ వస్తుంది, భవనం రెండు వర్గాలవుతుంది. మహారాష్ట్ర నమూనా బైలాలు ఫ్లాటు నిర్మాణ ఖర్చులో ఏడాదికి కనీసం 0.25 శాతం సింకింగ్ ఫండుకు, 0.75 శాతం రిపేర్ల నిధికి తీయాలంటాయి. నిర్మాణ ఖర్చు ఇరవై లక్షలనుకుంటే ఆ రెండూ కలిపి ఏడాదికి ఇరవై వేలు. మన దగ్గర బిల్డరు మొదట్లో వసూలు చేసే కార్పస్ ఫండే చాలామందికి తెలిసిన ఏకైక నిధి. దాన్ని అసోసియేషన్‌కు ఎప్పుడు అప్పగిస్తారన్నది ఒక ప్రహసనమైతే, అప్పగించాక రోజువారీ ఖర్చులకు ఊడ్చేయడం రెండో ప్రహసనం.

ఫండు లేకపోవడంలోని అన్యాయం పంపిణీలో ఉంది. 2010లో కొన్న ఓనరు పదేళ్లు కొత్త లిఫ్టును, కొత్త పెయింటును అనుభవించి, అరుగుదలకు పైసా తీయకుండా 2020లో లాభానికి అమ్మి వెళ్లిపోతాడు. అరిగినవన్నీ కొన్నవాడి ఖాతాలో పడతాయి. అద్దెకున్నవాళ్లది మరో చిక్కు. నెలవారీ చందా కడతారు, భవనాన్ని అనుక్షణం వాడతారు, సమావేశంలో మాత్రం వాళ్లకు కుర్చీ లేదు. ఓటున్న ఓనర్లు ఊళ్లో లేరు, ఊళ్లో ఉన్నవాళ్లకు ఓటు లేదు. సగానికి మించి ఫ్లాట్లు అద్దెకిచ్చిన భవనాల్లో నిర్ణయాలు ఆగిపోవడానికి ఇంతకన్నా వేరే కారణం వెతకనక్కర్లేదు. రోజువారీ విషయాల వరకైనా, అంటే పార్కింగు, చెత్త, నీళ్ల వేళలు, భద్రత, అద్దెకున్నవాళ్ల మాట చెల్లనిస్తే నష్టపోయేదెవరూ లేరు.

కట్టని ఒక్కరి కోసం పని ఆగిపోయే సమస్యకు స్కాట్లాండ్ 2006లో మరో చట్టంలో దారి చూపింది. మెజారిటీ ఓనర్లు రిపేరుకు సిద్ధపడి, ఎవరో ఒకరు వాటా కట్టకపోతే, స్థానిక కౌన్సిల్ ఆ వాటా తానే చెల్లించి తర్వాత వసూలు చేసుకోవచ్చు. ఇది వినగానే జీహెచ్ఎంసీకి ఈ అధికారం ఇద్దామనిపిస్తుంది. ఆ ఉత్సాహానికి ఎడిన్‌బరో ఒక హెచ్చరిక. అక్కడ నోటీసులిచ్చి ప్రైవేటు భవనాల రిపేర్లు కౌన్సిల్ చేయించే పాత పద్ధతి అవకతవకలతో అభాసుపాలై 2011లో ఆగిపోయింది. పని ఏమిటి, ఎంతకు అన్నది భవనంలోనివాళ్లే తేల్చుకుని, అధికారులను తగ్గిన వాటాకు పూచీ ఇచ్చి ఆస్తిపన్నులా వసూలు చేసుకోవడానికే పరిమితం చేస్తే మన దగ్గరా ఆలోచించదగ్గదే.

అంతదాకా ఆగనక్కర్లేని పని ఒకటి బేరం దగ్గరే ఉంది. ఫ్లాటు కొనేవాళ్లు లింకు డాక్యుమెంట్లు చూస్తారు, ఈసీ తీయిస్తారు, వాస్తు చూపిస్తారు. జాగ్రత్తపరులు అసోసియేషన్ నుంచి బకాయిలు లేవన్న కాగితం కూడా తెప్పించుకుంటారు. అసోసియేషన్ బ్యాంకు ఖాతాలో ఎంతుంది, లిఫ్టు వయసెంత, టెర్రస్‌కు ఆఖరి వాటర్‌ప్రూఫింగ్ ఏ ఏడాది, వాచ్‌మన్ జీతమెంత అని మాత్రం అడగరు. లోను ఇచ్చే బ్యాంకు లాయరూ అడగడు. ఫండు ఖాళీగా ఉన్న భవనంలో ఫ్లాటు ధర లక్షన్నర తగ్గించమని నలుగురు కొనుగోలుదారులు పట్టుబడితే, 'మెయింటెనెన్స్ చాలా తక్కువ' అన్న మాటను ప్రకటనలో వేయాలా వద్దా అని అమ్మేవాళ్లు రెండోసారి ఆలోచిస్తారు.